మెటలా, ప్లాస్టిక్కా? డైకాస్ట్ కార్ల సేకర్తల మొగ్గు మీద ఒక పరిశీలన

చిన్న కార్లు సేకరించేవాళ్లు నలుగురు కలిస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "బాడీ మెటలేనా? బేస్ కూడా మెటలేనా?" రెండింటికీ అవునని జవాబొస్తే ఆ కారు మీద గౌరవం పెరుగుతుంది. ఏ ఒక్కటి ప్లాస్టిక్ అని తేలినా తగ్గుతుంది. ఈ అభిరుచి ఎంత బలమైనదంటే తయారీదార్లు దాన్ని అమ్మకపు మాటగా వాడుకుంటున్నారు. హాట్ వీల్స్ ఖరీదైన శ్రేణుల అట్టల మీద 'మెటల్/మెటల్' అన్న ముద్ర కనిపిస్తుంది. బాడీ, బేస్ (కారు అడుగు పలక) రెండూ లోహమేనని దాని భావం.

అయితే ఈ మొగ్గు దేని మీద? లోహం మీదా, అది ఇచ్చే బరువు మీదా, మన్నుతుందన్న నమ్మకం మీదా, లేక చిన్నప్పటి నుంచీ పడ్డ అలవాటు మీదా? ఈ నాలుగూ ఒకటి కావు. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లనే ఈ చర్చ ఏళ్ల తరబడి తేలకుండా సాగుతోంది. విడదీసి చూస్తే నాకు కనిపించినది ఇది: సేకర్తలకు ప్లాస్టిక్ అంటేనే గిట్టదన్న మాటకు ఆధారాలు బలంగా లేవు. ఒక స్కేలులో గానీ ఒక బ్రాండులో గానీ మొదటి నుంచీ ఏ పదార్థం అలవాటైతే అదే అక్కడ కొలమానంగా నిలుస్తుంది. ధర తగ్గించకుండా ఆ కొలమానాన్ని మార్చినప్పుడే వ్యతిరేకత గట్టిగా వినిపిస్తుంది. ఈ నిర్ధారణకు ఎలా వచ్చానో, అది ఎంతవరకు నిలుస్తుందో కింద చూద్దాం.

అసలు ఏది మెటల్ కారు?

కరిగిన లోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కించి పోత పోయడమే డైకాస్టింగ్. బొమ్మకార్లకు ఎక్కువగా వాడేది జమాక్ అనే జింకు మిశ్రమం. అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ దీన్ని 1920ల్లో అభివృద్ధి చేసింది. ఇందులో బాగా వాడుకలో ఉన్న రకంలో అల్యూమినియం సుమారు 4 శాతం, మెగ్నీషియం అతి స్వల్పం, మిగతాదంతా దాదాపు జింకే. సుమారు 385 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి అచ్చు త్వరగా అరిగిపోదు. ఒకే అచ్చుతో లక్షల సంఖ్యలో పోతలు తీయవచ్చు. చిన్న కారు చవకగా ప్రపంచమంతా తిరగడానికి ఈ లోహ గుణమే మూలం.

కానీ పూర్తిగా లోహమే ఉన్న కారు మార్కెట్లో నిలిచింది కొద్దికాలమే. లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ 1930ల్లో తెచ్చిన తొలి డింకీ కార్లకు అద్దాలు లేవు, కిటికీలు ఉత్త కంతలు. 1956లో వచ్చిన కోర్గీ టాయ్స్ తమ కార్లకు పారదర్శక ప్లాస్టిక్ కిటికీలు బిగించి, దాన్నే ప్రచారంలో ముందుకు తెచ్చింది. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్లకు తొలుత లోహపు చక్రాలుండేవి. తర్వాత బూడిద రంగు ప్లాస్టిక్ చక్రాలు, ఆపైన నల్ల ప్లాస్టిక్ చక్రాలు వచ్చాయి. అంటే మనం ఇప్పుడు గొప్పగా చెప్పుకునే పాత మెటల్ కార్లలో చాలావాటిలో ప్లాస్టిక్ అప్పటికే చేరిపోయింది. చూపుకు అందం తెచ్చినందువల్ల దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

ఇవాళ్టి 1:64 స్కేలు కారును ఒకదాన్ని తిరగేసి చూస్తే ఈ కలయిక స్పష్టంగా తెలుస్తుంది. ముందొకటి, వెనకొకటి గుండ్రటి రివెట్లు కనిపిస్తాయి. అవి విడిగా కొట్టిన మేకులు కావు. బాడీతో పాటే పోతపోసిన చిన్న స్తంభాలు బేస్‌లోని కంతల గుండా బయటికి వస్తే, వాటి తలల్ని అణిచి అతికిస్తారు. బాడీకీ బేస్‌కీ మధ్య కిటికీ అద్దాల ముక్క, సీట్ల ముక్క, ఇరుసులు ఇరుక్కుని ఉంటాయి. అద్దాలు, సీట్లు, చక్రాలు ప్లాస్టిక్. ఇరుసులు ఉక్కు. బాడీ జింకు. ఇక తేలాల్సింది బేస్ ఒక్కటే. దాన్ని కళ్లతో తేల్చడం కష్టం, ఎందుకంటే ప్లాస్టిక్ మీద లోహపు పూత పూసి క్రోమ్‌లా మెరిపించవచ్చు. అయస్కాంతమూ పనికిరాదు: జింకు అయస్కాంతానికి అంటదు, అంటితే ఇరుసులే అంటుతాయి. చేతికి తగిలే చల్లదనం, గోటితో కొడితే వచ్చే చప్పుడు, తూకం — ఈ మూడే నమ్మదగ్గ గుర్తులు. ఈ మూడూ స్పర్శకు, వినికిడికి సంబంధించినవే తప్ప చూపుకు సంబంధించినవి కావన్నది గమనించాలి.

బరువు చెప్పే నిజం, చెప్పని నిజం

జమాక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 6.6 గ్రాములు. ఏబీఎస్ ప్లాస్టిక్‌ది 1.05 గ్రాముల దగ్గర. ఒకే ఆకారంలో, ఒకే మందంలో రెండు బేస్‌లు చేస్తే లోహపుది ఆరు రెట్లు బరువు తూగుతుంది. వేడిని ప్రసరింపజేసే గుణంలో తేడా ఇంకా పెద్దది. ప్లాస్టిక్ కంటే జమాక్‌కు ఆ గుణం కొన్ని వందల రెట్లు ఎక్కువ కాబట్టి అది చేతి వేడిని వేగంగా లాగేస్తుంది. మెటల్ కారు పట్టుకోగానే చల్లగా తగలడానికి అదే కారణం. ఈ చల్లదనం, ఈ బరువు ఊహలు కావు. కొలిస్తే దొరికే గుణాలే.

కానీ "అసలు కారు పట్టుకున్నట్టుంది" అన్న మాట దగ్గర ఆగాలి. అసలు కారు బరువును స్కేలుకు తగ్గిస్తే ఎంతవుతుంది? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి బరువును స్కేలు సంఖ్య ఘనంతో భాగించాలి. 1,200 కిలోల కారును 1:64కు తగ్గిస్తే 64 ఘనం, అంటే 2,62,144తో భాగించాలి. వచ్చేది నాలుగున్నర గ్రాముల పైచిలుకు. 1:43 స్కేలులో సుమారు 15 గ్రాములు. 1:18లో సుమారు 206 గ్రాములు. మనం చేత్తో పట్టుకునే 1:64 డైకాస్ట్ కారు సాధారణంగా 30 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటుంది. 1:18 డైకాస్ట్ కారు కిలో దరిదాపుల్లో తూగుతుంది. అంటే లోహపు కారు అసలు కారు నిష్పత్తికి ఎన్నో రెట్లు ఎక్కువ బరువు. నిష్పత్తి ప్రకారం చూస్తే ప్లాస్టిక్ నమూనాయే నిజానికి దగ్గర.

కాబట్టి బరువు వల్ల కలిగే తృప్తి స్కేలు నిజాయతీకి సంబంధించింది కాదు. వస్తువు విలువను చేతితో అంచనా వేసే అలవాటుకు సంబంధించింది. ఇత్తడి బిందె కొనేటప్పుడు మన పెద్దవాళ్లు ముందు దాన్ని ఎత్తి చూసేవాళ్లు. బరువుంటే మందంగా పోశారని, మోసం లేదని లెక్క. కారు విషయంలోనూ చెయ్యి అదే పని చేస్తోందనుకోవడానికి అవకాశముంది.

ఈ ఊహకు మనస్తత్వ శాస్త్రంలో ఆధారం ఉందా? ఉంది, కానీ దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి. 2009లో యోస్ట్‌మన్, లాకెన్స్, షూబర్ట్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. బరువైన క్లిప్‌బోర్డు చేతబట్టుకుని జవాబులు రాసినవాళ్లు, తేలికది పట్టుకున్నవాళ్ల కంటే విదేశీ కరెన్సీలకు ఎక్కువ విలువ కట్టారని అందులో తేలింది. ఈ ఫలితానికి చాలా ప్రచారం వచ్చింది. 2015లో రబేలో, అతని సహచరులు దానికి దగ్గరి ప్రయోగాలు చేసి, బరువు ప్రభావం తమకు కనబడలేదన్నారు. ఆ కోవలోని పాత అధ్యయనాల్లో అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చయిన సూచనలున్నాయని కూడా చూపించారు. అందువల్ల బరువు మనసును మోసం చేస్తుందని ఈ అధ్యయనాలను పట్టుకుని గట్టిగా అనలేం.

ఇంతకంటే మన విషయానికి దగ్గరగా వచ్చేది 2009లోనే జోయాన్ పెక్, సుజాన్ షూ చేసిన అధ్యయనం. వస్తువును ముట్టుకోనిస్తే అది తమదే అన్న భావన పెరుగుతుందని, దాంతో దానికి కట్టే విలువ కూడా పెరగవచ్చని వాళ్లు చూపారు. కాఫీ కప్పు, స్ప్రింగు బొమ్మ లాంటి మామూలు వస్తువులతో చేసిన ప్రయోగాలవి. స్పర్శకు విలువ ఉందన్నంత వరకు ఇది మనకు ఉపయోగం. లోహ స్పర్శకే విలువ ఉందని ఇది చెప్పదు.

పైగా సేకర్తల్లో పెద్ద భాగం కార్లను అట్ట నుంచి విప్పనే విప్పరు. ప్లాస్టిక్ బుడగలో ఉన్న కారు చల్లదనం చేతికి తెలియదు, చప్పుడు చెవికి తెలియదు. అయినా వాళ్లూ బేస్ మెటలేనా అని అడుగుతారు. అంటే స్పర్శ ఒక్కటే ఈ మొగ్గుకు చాలినంత కారణం కాదు. ఎప్పటికీ ముట్టుకోని వస్తువులో లోహం కోరుకోవడం వెనుక మరేదో ఉండాలి: తిరిగి అమ్మితే వచ్చే ధర మీద లెక్క కావచ్చు, 'సరైన' డైకాస్ట్ ఇలా ఉండాలన్న సంప్రదాయం కావచ్చు.

వివరం దగ్గర లోహం వెనుకబాటు

చూపుకు సంబంధించిన లెక్కలో లోహానికి ఇబ్బందులున్నాయి. అసలు కారు పైరేకు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. చిన్న కార్ల జింకు పోత గోడలు మామూలుగా ఒక మిల్లీమీటరు అటూఇటుగా ఉంటాయి. 1:18 నమూనాలో ఒక మిల్లీమీటరు మందం ఉన్న తలుపు అంచును అసలు కారు పరిమాణానికి పెంచితే 18 మిల్లీమీటర్ల మందం అవుతుంది. 1:64లో అదే 64 మిల్లీమీటర్లు. తలుపుకూ బాడీకీ మధ్య సందు తీసుకుందాం. అసలు కారులో 4 మిల్లీమీటర్లు అనుకుంటే 1:18లో 0.22 మిల్లీమీటర్లు, 1:64లో 0.06 మిల్లీమీటర్లు రావాలి. తెరుచుకునే లోహపు తలుపుకు రెండువైపులా రంగు పూసి, అది గీసుకోకుండా కదలాలంటే అంత సన్నటి సందు ఉంచడం చాలా కష్టం. అందుకే మెటల్ మోడళ్లలో తలుపుల చుట్టూ గీతలు వెడల్పుగా కనిపిస్తాయి.

ప్లాస్టిక్ గోడ కూడా స్కేలు లెక్కన మందమే. అయితే పోత పోసిన లోహాన్ని అతుకు గీతలు పోయేదాకా రాకి నునుపు చేయాలి. ఆ రాపిడిలో బానెట్ మీది మడతలు, చక్రాల పైన వంపుల పదును మొద్దుబారతాయి. మంచి అచ్చులో తీసిన ప్లాస్టిక్ ముక్కకు ఆ పని తక్కువ. రెసిన్‌ది మరో దారి. సిలికోన్ అచ్చులో ద్రవ రెసిన్ పోసి గట్టిపడనిస్తారు. ఆ అచ్చు కొన్ని పదుల పోతలకే పాడవుతుంది. కానీ దాన్ని చేయించడానికి ఉక్కు అచ్చుకు అయ్యేంత పెట్టుబడి అక్కర్లేదు. కొన్ని వందల ప్రతులే అమ్ముడుపోయే అరుదైన రేసు కారును స్పార్క్, బీబీఆర్ లాంటి సంస్థలు రెసిన్‌లో తేగలుగుతున్నది అందుకే. బదులుగా అలాంటి మోడళ్లలో చాలావాటికి తలుపులు తెరుచుకోవు.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. "నాకు మెటలే ఇష్టం" అనే మనిషి నిజంగా ఇష్టపడుతున్నది లోహాన్నా, తెరుచుకునే తలుపుల్నా? మార్కెట్లో ఈ రెండూ చాలాకాలం జంటగా నడిచాయి. వాటిని విడదీసి చూపే సందర్భాలు అరుదు. అలాంటి సందర్భం ఒకటి ఆటోఆర్ట్ ఇచ్చింది. 1:18 మెటల్ మోడళ్లతో పేరు తెచ్చుకున్న ఈ సంస్థ 2010ల మధ్యకాలంలో కాంపోజిట్ పేరుతో కొత్త పద్ధతికి మారింది. లోపల లోహపు చట్రం, పైన ప్లాస్టిక్ జాతి బాడీ. తలుపులు, బానెట్, డిక్కీ ముందులాగే తెరుచుకుంటాయి. గీతలు సన్నబడ్డాయి, అంచులు పదునెక్కాయి. అయినా పాత అభిమానుల్లో చాలామంది నొచ్చుకున్నారు. వాళ్ల అభ్యంతరాల్లో తరచూ వినిపించినవి రెండు: తేలికైపోయింది, ధర మాత్రం తగ్గలేదు.

ఈ ఒక్క ఉదాహరణ నుంచి రెండు విషయాలు తీసుకోవచ్చు. తెరుచుకునే తలుపులు ఉన్నా అసంతృప్తి మిగిలింది కాబట్టి, కొందరిలోనైనా బరువుకు విడిగా విలువ ఉంది. ధర మాట పక్కనే వచ్చింది కాబట్టి, అభ్యంతరం పదార్థం మీద ఎంతో, మార్పిడి న్యాయం మీదా అంతే ఉండవచ్చు. అదే సమయంలో ఆ కాంపోజిట్ మోడళ్లను మెచ్చి కొన్నవాళ్లూ ఉన్నారు. మౌనంగా కొనేవాళ్ల కంటే నొచ్చుకున్నవాళ్ల గొంతు ఎక్కువగా వినిపిస్తుందన్నది ఇలాంటి చర్చలన్నిటిలో గుర్తుంచుకోవలసిన జాగ్రత్త.

మన్నిక: ఇరువైపులా గాయాలు

మెటల్ శాశ్వతమన్న నమ్మకం సేకర్తల్లో గట్టిది. వస్తువుల చరిత్ర దాన్ని పూర్తిగా సమర్థించదు. జింకు మిశ్రమంలో సీసం, తగరం, కాడ్మియం లాంటి మలినాలు చేరితే లోహపు రేణువుల మధ్య తుప్పు పుడుతుంది. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. అందుకే నేటి ప్రమాణాల్లో సీసం పరిమితి 0.005 శాతం, అంటే వంద కిలోల లోహంలో 5 గ్రాములు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన డింకీ కార్లలో, హార్న్‌బీ బొమ్మ రైళ్లలో ఈ జబ్బు విరివిగా కనిపిస్తుంది. తరవాతి కాలంలోనూ, 2000ల దాకా తయారైన కొన్ని రైలు నమూనాల లోహ భాగాల్లో ఇది బయటపడింది.

ఈ జబ్బు వచ్చిన కారును దగ్గరగా చూస్తే మొదట రంగు మీద వెంట్రుకవాసి చీలికలు కనిపిస్తాయి. తర్వాత పోత ఉబ్బుతుంది, బేస్ వంగుతుంది, ఇరుసులు పట్టే చోట్ల పెళుసెక్కి విరుగుతుంది. చివరికి వేలితో నొక్కితే ముక్కలు రాలతాయి. దీన్ని వెనక్కి తిప్పే మార్గం లేదు. వేడి, తేమ రెండూ దాన్ని తొందరపెడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో పాత కార్లు దాచుకునేవాళ్లు గాలిలో తేమ మీద కన్నేసి ఉంచడం అందుకే అవసరం. శుద్ధి సరిగా చేసిన లోహంతో తయారైన కారుకు ఈ భయం చాలా తక్కువన్నదీ చెప్పాలి.

ప్లాస్టిక్ జబ్బులు వేరు. ఫ్రాన్స్‌కు చెందిన నోరెవ్ సంస్థ 1950ల్లో సెల్యులోజ్ ఎసిటేట్ ప్లాస్టిక్‌తో 1:43 కార్లు చేసేది. వాటిలో ఎన్నో ఇవాళ వంకర్లు తిరిగి, పైకప్పులు కుంగి కనిపిస్తాయి. ఎండ తగిలితే తెల్ల ఏబీఎస్ పసుపెక్కుతుంది. మెత్తటి పీవీసీ టైర్లలోంచి ఊరే రసాయనం ప్లాస్టిక్ చక్రాల రిమ్ములను కరిగించి అతుక్కుపోతుంది. ఈ చివరి జబ్బు మెటల్ బాడీ కార్లనూ వదలదు, ఎందుకంటే వాటి చక్రాలూ ప్లాస్టిక్కే. రెసిన్ బాడీలు వేడికి వంగుతాయి. వేసవిలో అద్దాలు మూసిన కారులో వదిలేసిన రెసిన్ మోడల్ క్షేమంగా ఉంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

కిందపడితే తట్టుకోవడంలో, పిల్లల చేతిలో నలిగినా నిలవడంలో లోహానిదే పైచేయి. అలమరలో యాభై ఏళ్లు నిలవడంలో మాత్రం పోటీ లోహానికీ ప్లాస్టిక్‌కీ మధ్య కాదు. మంచి లోహానికీ చెడ్డ లోహానికీ మధ్య, మంచి ప్లాస్టిక్‌కీ చెడ్డ ప్లాస్టిక్‌కీ మధ్య. మన్నిక కోసమే మెటల్ కోరుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకుంటే వాళ్ల ఎంపిక మరింత పదునెక్కుతుంది.

కంపెనీల చరిత్ర ఏమంటోంది?

సేకర్తల మాటల కంటే వాళ్లు దశాబ్దాల పాటు ఏం కొన్నారన్నది మెరుగైన సాక్ష్యం. జర్మనీకి చెందిన సికూ 1950ల్లో ప్లాస్టిక్ కార్లు చేసి, 1963లో జింకు పోతలకు మారింది. నోరెవ్ 1970ల మొదట్లో లోహం వైపు కదిలింది. ఈ రెండింటినీ చూస్తే కొనేవాళ్లు లోహాన్ని కోరారనే అనిపిస్తుంది. పోటీలో ఉన్న డింకీ, కోర్గీ, మ్యాచ్‌బాక్స్ అన్నీ మెటలే కాబట్టి ఆ ఊహ సమంజసమైనదే.

కానీ అదే జర్మనీలో వికింగ్ కథ తిరగబడి నడిచింది. 1930ల్లో లోహపు ఓడ నమూనాలతో మొదలైన ఈ సంస్థ, యుద్ధం తర్వాత ప్లాస్టిక్ వాహనాల వైపు వచ్చి అక్కడే స్థిరపడింది. 1:87 స్కేలులో, అంటే రైలు నమూనాల పక్కన నిలబెట్టే కొలతలో, వికింగ్ ప్లాస్టిక్ కార్లకు దశాబ్దాలుగా గట్టి అభిమానులున్నారు. 1950ల నాటి, కిటికీ అద్దాలు లేని తొలి వికింగ్ కార్లు జర్మన్ వేలాల్లో మంచి ధర పలుకుతాయి. 1984లో సికూ యజమానులే వికింగ్‌ను కొన్నారు. ఒకే కుటుంబ సంస్థ ఒక చేత్తో మెటల్, మరో చేత్తో ప్లాస్టిక్ అమ్ముతూ వచ్చింది, రెండు చోట్లా ఆదరణ పొందింది. ఇది ఒక అభిరుచి మరో అభిరుచిని ఓడించిన కథ కాదు.

హెర్పా అనే జర్మన్ సంస్థ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. దాని 1:87 కార్లు ప్లాస్టిక్, 1:500 విమానాలు లోహం. రెండూ కొనేవాళ్లలో ఎవరూ కార్లు మెటల్‌లో రాలేదని గొడవ చేయరు. అంత చిన్న కారులో సన్నటి అద్దపు చట్రాలు, నిచ్చెనలు, అద్దాలు ప్లాస్టిక్‌లోనే పదునుగా వస్తాయని అందరికీ తెలుసు. అరచేతిలో పట్టే చిన్న విమానానికి మాత్రం బరువు ఒక నిండుదనం ఇస్తుంది. జపాన్‌కు చెందిన టామియా ప్లాస్టిక్ కిట్లు కట్టేవాళ్లు ఈ వాదనను మరింత దూరం తీసుకెళ్తారు. వాళ్ల చేతిలో పాలిస్టైరీన్ చవకబారు పదార్థం కాదు, పనితనం చూపించే పదార్థం.

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే పదార్థానికి సొంతంగా ఒక హోదా ఉన్నట్టు కనిపించదు. స్కేలును బట్టి, వాడుకను బట్టి, ఆ రంగంలో తొలి మంచి వస్తువు ఏ పదార్థంతో వచ్చిందన్నదాన్ని బట్టి ఆ హోదా ఏర్పడుతుంది. అలా ఏర్పడ్డాక దాన్ని మార్చబోయే సంస్థ నష్టపరిహారం చూపించాలి: మెరుగైన వివరమో, తగ్గిన ధరో.

ధరను సాక్ష్యంగా తీసుకోవచ్చా?

మెటల్/మెటల్ కారుకు ఎక్కువ ధర పలుకుతుంది కాబట్టి సేకర్తలు లోహానికే విలువ ఇస్తారని తరచూ అంటారు. ఈ వాదన పూర్తిగా నిలబడదు. హాట్ వీల్స్‌లో మెటల్ బేస్ వచ్చే ఖరీదైన శ్రేణుల్లో రబ్బరు టైర్లు, ఎక్కువ రంగు ముద్రలు, ప్రత్యేకమైన అట్ట కూడా వస్తాయి. వీటిలో ఏది ఎంత ధర తెచ్చిందో ఆ ఒక్క అంకె చెప్పలేదు.

పాత మ్యాచ్‌బాక్స్ చక్రాల విషయం ఇంకా ఎక్కువ నేర్పుతుంది. ఒకే కారు లోహపు చక్రాలతో, బూడిద రంగు ప్లాస్టిక్ చక్రాలతో, నల్ల ప్లాస్టిక్ చక్రాలతో దొరికే సందర్భాల్లో, తక్కువగా తయారైన రకానికే ఎక్కువ ధర. కొన్ని మోడళ్లలో ఆ అరుదైన రకం ప్లాస్టిక్ చక్రాలదే అవుతుంది. అరుదుదనం ముందు పదార్థం తలవంచుతుంది.

ఒకే కాస్టింగ్ (ఒకే అచ్చు నుంచి వచ్చే మోడల్) కొన్నేళ్లు మెటల్ బేస్‌తో, తర్వాత ప్లాస్టిక్ బేస్‌తో వచ్చిన సందర్భాలు హాట్ వీల్స్‌లో, మ్యాచ్‌బాక్స్‌లో చాలానే ఉన్నాయి. ధరను సాక్ష్యంగా వాడదలచినవాళ్లు వెతకవలసింది వీటిని. రంగు, తయారైన సంఖ్య, అట్ట పరిస్థితి దగ్గరగా ఉన్న జంటల్ని ఎంచుకోవాలి. అమ్మకందారు అడిగే ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర రాసుకోవాలి. అప్పుడే బేస్ లోహానికి సేకర్తలు ఎంత కడుతున్నారన్నది తేటగా తేలుతుంది.

మన దగ్గరి పరిస్థితి

భారతదేశంలో ఈ చర్చకు మరో పొర ఉంది. 1960ల చివర్లో కలకత్తాలో నిక్కీ టాయ్స్ పేరుతో పాత డింకీ అచ్చులతో కార్లు తయారయ్యాయి. ఆ తర్వాత మ్యాక్స్‌వెల్ పేరుతో మ్యాచ్‌బాక్స్ తరహా కార్లు, లియో పేరుతో భారతీయ హాట్ వీల్స్ వచ్చాయి. ఇవన్నీ మెటలే. అయితే ఇంగ్లండు డింకీ పక్కన నిక్కీ కారును పెడితే రంగు పూతలో, మూల మలుపుల్లో ముతకదనం కనిపిస్తుంది. లోహం ఉన్నంత మాత్రాన పనితనం రాదనడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం అక్కర్లేదు. అయినా ఈ కార్ల కోసం ఇవాళ విదేశీ సేకర్తలు కూడా వెతుకుతారు. లియో కార్లకైతే మరెక్కడా రాని రంగులే ఆకర్షణ. ఇక్కడ విలువ తెచ్చింది లోహం కాదు, అరుదుదనం, ఊరి గుర్తు.

మరోవైపు మన రోడ్ల మీద తిరిగిన వాహనాలను మన చేతికి అందించిన ఘనత ప్లాస్టిక్‌దే. ఢిల్లీకి చెందిన సెంటీ టాయ్స్ అంబాసిడర్‌ను, ఆటోరిక్షాను, మారుతి కార్లను వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే ప్లాస్టిక్ బొమ్మలుగా తెచ్చింది. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా మెటల్ ఫెరారీ దొరికినంత తేలిగ్గా మెటల్ అంబాసిడర్ దొరకదు. అందువల్ల తెలుగు సేకర్తల అలమరల్లో ఈ ప్లాస్టిక్ కార్లు ఖరీదైన డైకాస్ట్‌ల పక్కనే ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. మనకు తెలిసిన కారు కావాలన్న కోరిక ముందు పదార్థం పట్టింపు సడలుతుంది.

దిగుమతి నిబంధనలూ ఎంపికను కుదించాయి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి అయింది. పిల్లల భద్రతకు ఈ నియమాలు అవసరమే. కానీ దుకాణంలో దొరికే సరుకును బట్టి "ఇక్కడివాళ్లకు ఇదే ఇష్టం" అని తేల్చేముందు, అక్కడ ఏది దొరికే వీలుందో చూసుకోవాలి. దొరకనిదాన్ని కొనకపోవడం అయిష్టం కాదు.

తేలినది, తేల్చుకోవలసినది

బరువు, చల్లదనం అనే గుణాలు నిజమైనవి. కొంతమంది సేకర్తలు వాటికి విడిగా విలువ ఇస్తారన్నది నమ్మదగ్గ మాట. ఆ బరువు స్కేలుకు దగ్గరన్నది మాత్రం లెక్కకు నిలవదు. లోహమే ఎక్కువ కాలం మన్నుతుందన్నది సగం నిజం. ప్లాస్టిక్ అంటే సేకర్తలకు చిన్నచూపన్నది వికింగ్, హెర్పా, టామియా, సెంటీ ఉదాహరణల ముందు నిలబడదు. అలవాటైన పదార్థాన్ని అదే ధరకు మార్చితే వ్యతిరేకత వస్తుందన్న ఊహకు ఆటోఆర్ట్ ఉదంతం బలమిస్తుంది. ఒకే ఉదంతం కాబట్టి దాన్ని సూత్రంగా కాక, పరీక్షించదగ్గ ఊహగానే ఉంచాలి.

ఆ పరీక్ష చేయడం కష్టమేమీ కాదు. ఒక సేకర్తల బృందం కూర్చుని ఒకే కాస్టింగ్‌లో మెటల్ బేస్ కారును, ప్లాస్టిక్ బేస్ కారును తీసుకోవచ్చు. ప్లాస్టిక్ బేస్ కారు లోపల సీసపు ముక్క అతికించి బరువు సమం చేయవచ్చు. బేస్ కనబడకుండా కప్పి చేతికిచ్చి విలువ కట్టమనవచ్చు. తర్వాత బేస్ ఏమిటో చెప్పి మళ్లీ కట్టమనవచ్చు. మొదటి విడతలో తేడా రాకుండా రెండో విడతలో వస్తే, మొగ్గు చేతిలో లేదు, పేరులో ఉందని తెలుస్తుంది. మొదటిసారే తేడా వస్తే లోహానికి బరువుకు మించిన గుణమేదో ఉందని ఒప్పుకోవాలి. ఏ ఫలితం వచ్చినా ఏళ్ల వాదన ఒక మెట్టు ముందుకు జరుగుతుంది.

ఈలోగా తయారీదార్లు చేయగలిగిన మంచి పని ఒకటుంది. బాడీ ఏది, బేస్ ఏది, ఎంత బరువు అన్నది ప్రతి పెట్టె మీదా స్పష్టంగా అచ్చువేయాలి, చవక శ్రేణులతో సహా. కొనేవాళ్లు కూడా "మెటలేనా?" అన్న ఒక్క ప్రశ్నను మూడుగా విడదీసుకుంటే మేలు: నాకు చేతిలో నిండుదనం కావాలా, కంటికి వివరం కావాలా, పిల్లలకు ఇచ్చి వెళ్లేంత మన్నిక కావాలా? మూడింటికీ ఒకే పదార్థం జవాబు కాదు. ఏది కావాలో తెలిసి కొన్న ప్లాస్టిక్ కారు, తెలియక కొన్న మెటల్ కారు కంటే అలమరలో ఎక్కువ తృప్తినిస్తుంది.